గురువారం రాత్రి సందేశం

మా కుటుంబానికి వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉన్నది. అందులో ముప్పై ఒక్క మందిమి. ప్రతి శుక్రవారం ఉదయం ‘జుమా ముబారక్’ చిత్రాలు వరుసగా వచ్చి చేరతాయి. వయసులో పెద్దవాణ్ణి, పైగా పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి గనుక, నేను వాటికి తోడుగా ఒక హితబోధ పంపుతుండేవాణ్ణి. 2024 డిసెంబరులో ఒక శుక్రవారం నేను పంపిన హితబోధ చదివి, ఆ ముప్పై ఒక్క మందిలో ఒకడు గ్రూపు వదిలి వెళ్లిపోయాడు. వాడు నా చెల్లెలి కుమారుడు.

మాది కడియం. కడియపులంక నర్సరీల పేరు వినని తెలుగువారు అరుదు. మా బావగారు గల్ఫ్‌లో డ్రైవరు. చెల్లెలు ఒక నర్సరీలో సంచులకు మట్టి నింపుతుంది, అంట్లు కడుతుంది. ఆ రెండు సంపాదనలూ కలిపి కొడుకును ఇంజనీరింగ్‌లో చేర్పించారు. కళాశాల రాజమహేంద్రవరానికి అవతల. ఇంటి నుంచి రోజూ వెళ్లిరావటం కష్టమని హాస్టల్లో పెట్టారు. మూడో సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పుడు నా వేలు పట్టుకొని మస్జిద్‌కు వచ్చినవాడు.

ఆ డిసెంబరు మొదటి వారంలో, శనివారం అర్ధరాత్రి ఫోను మోగింది. ధవళేశ్వరం దాటాక కాలువ గట్టు రోడ్డు మీద మోటారు సైకిలు జారిపడిందట. వెనుక కూర్చున్నది మావాడు. మరి నాలుగు అడుగులు జారి ఉంటే ఇద్దరూ కాలువలో పడేవారే. నేను వెళ్లేసరికి ఆసుపత్రిలో బల్ల మీద పడుకొని ఉన్నాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. పలకరిద్దామని వంగాను. అప్పుడు వచ్చిన వాసన నాకు కొత్త కాదు. ఉద్యోగ జీవితంలో, పిల్లల చదువు గురించి మాట్లాడటానికి సాయంకాలాలు బడికి వచ్చే కొందరు తండ్రుల దగ్గర ఆ వాసన ఎరుగుదును. మా ఇంటి పిల్లవాడి దగ్గర అది వస్తుందని మాత్రం ఎన్నడూ తలచలేదు.

అక్కడే, నర్సుల ఎదుట, వాడి స్నేహితుల ఎదుట, నోటికి వచ్చినదల్లా అన్నాను. అంతటితో ఆగలేదు. తరువాతి శుక్రవారం, తాగుబోతులకు పరలోకంలో పట్టే గతిని భయంకరంగా వర్ణించే ఒక వీడియోను కుటుంబ గ్రూపులో పెట్టాను. కింద ‘మన ఇంట్లో కూడా కొందరు చూడవలసినది’ అని రాశాను. పేరు రాయలేదు. రాయవలసిన అవసరం లేదు, ఆ ప్రమాదం సంగతి అప్పటికే అందరికీ తెలుసు. పది నిమిషాలలో వాడు గ్రూపు నుంచి వెళ్లిపోయినట్లు తెర మీద ఒక చిన్న పంక్తి కనిపించింది. ఆ తరువాత నా ఫోను ఎత్తటం మానేశాడు. భుజానికి కట్టు విప్పగానే తిరిగి హాస్టల్‌కు వెళ్లిపోయాడు. సంక్రాంతి సెలవులకు కూడా ఇంటికి రాలేదు.

చెల్లెలు నన్ను నిందించలేదు. ఒకనాడు మట్టిచేతులతోనే నా ఎదుట కూర్చొని, “భయ్యా, వాణ్ణి తిట్టటానికి ఊరంతా ఉంది. పలకరించటానికి మనమే కదా ఉన్నాం” అన్నది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాను.

నా దగ్గర చదువుకొన్న ఒకాయన ఇప్పుడు రాజమహేంద్రవరంలో మానసిక వైద్యుడు. సిగ్గు విడిచి ఆయన వద్దకు వెళ్లాను. సంగతంతా విని, ముందుగా ఒక కాగితం నా ముందు పెట్టారు. అందులో పది ప్రశ్నలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ‘ఆడిట్’ అనే ప్రశ్నావళి అది. ఎంత తరచుగా తాగుతారు, ఒక్కసారికి ఎంత, ఆపుదామన్నా ఆపలేకపోయిన సందర్భాలున్నాయా, మీ వల్ల ఎవరికైనా గాయమైందా అని అడుగుతుంది. మొత్తం 40 మార్కులు. 8 లేక అంతకు మించి వస్తే అది హాని తెచ్చే మద్యపానం. 20 లేక ఆ పైన వస్తే శరీరం మద్యానికి బానిస అయి ఉండవచ్చు, వైద్యుని వద్దకు తీసుకురావలసిందే. “మాస్టారూ, ఈ రెండింటికీ మధ్య ఉన్న కుర్రాళ్లే ఎక్కువ. వాళ్లు రోజూ తాగరు. శనివారం తాగుతారు, పుట్టినరోజుకు తాగుతారు, పరీక్షలు అయిపోతే తాగుతారు. అందువల్ల తమకేమీ కాలేదనుకొంటారు. బండి జారి పడేది వాళ్లే” అన్నారు.

మన దేశంలో ఈ సమస్య చిన్నది కాదు. కేంద్ర ప్రభుత్వం కోసం అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ జరిపి, 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసు వారిలో 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. బానిసలైన వారిలో ఏదో ఒక చికిత్స పొందినవారు 38 మందికి ఒక్కరే. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదని చట్టం ఉన్నది. అయినా 2024 అక్టోబరులో వచ్చిన కొత్త విధానంతో 180 మిల్లీలీటర్ల సీసా 99 రూపాయలకే దొరుకుతున్నది. హాస్టల్ కుర్రవాడి జేబుకు అది అందని ధర కాదు.

“నేనేం చేయాలి?” అని అడిగాను. “మీరు వీడియో పంపిన ఫోనుతోనే పని ఉంది” అన్నారు వైద్యులు.

అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో బ్రయాన్ సఫొలెటో అనే అత్యవసర వైద్యుడు ఉండేవారు. తాగి గాయపడి వచ్చే యువకులకు కుట్లు వేసి పంపటమే తప్ప మరేమీ చేయలేకపోతున్నామని ఆలోచించి, మొబైల్ సందేశాలతో ఒక ప్రయత్నం చేశారు. 18 నుంచి 25 ఏళ్ల వయసు గల 765 మందిని మూడు బృందాలుగా విభజించారు. ఒక బృందానికి 12 వారాల పాటు, గురువారం ఒక సందేశం వెళ్లేది. ఈ వారాంతంలో తాగే ఉద్దేశం ఉన్నదా, ఉంటే ఒక హద్దు పెట్టుకొంటారా అని అందులో అడిగేవారు. ఆదివారం మరొక సందేశం, ఏం జరిగిందని. వచ్చిన జవాబును బట్టి ఒక ప్రోత్సాహపు మాటో హెచ్చరికో తిరిగి అందేది. రెండో బృందాన్ని ఎంత తాగారని అడిగి ఊరుకొన్నారు. మూడో బృందానికి ఏ సందేశమూ లేదు. 2014లో ఫలితాలు ప్రకటించారు. మాటకు మాట అందిన బృందంలో అతిగా తాగే రోజులు తగ్గాయి. కేవలం లెక్క అడిగించుకొన్న బృందంలో ఆ తగ్గుదల కనిపించలేదు. స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కూడా ప్రత్యేకించి విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం ఇటువంటి సందేశాలను రూపొందించి పరీక్షించారు. మన దేశంలో గోవాలోని ‘సంగత్’ సంస్థ, వైద్యులు కాని సామాన్యులకు శిక్షణ ఇచ్చి, వారి చేత తాగేవారితో మాట్లాడించి మంచి ఫలితం సాధించింది. 2017లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. తరువాత అదే సంస్థ పరిశోధకులు మొబైల్ సందేశాల మార్గం మీద కూడా కృషి చేశారు.

ఇదంతా విన్నాక నాకు రెండు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, అడిగి ఊరుకోవటం పలకరింపు కాదు, జవాబుకు జవాబు ఉండాలి. రెండు, ఏ మాటైనా అవసరమైన వేళకు చేరాలి. మన ఖుత్బా శుక్రవారం మధ్యాహ్నం జరుగుతుంది. హాస్టల్ గదిలో సీసా మూత తీసేది శనివారం రాత్రి. ఆ రెండింటి నడుమ పిల్లవాడి చేతిలో ఉండేది ఫోను ఒక్కటే.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. ‘ఈ వారం ఎంత తాగావు’ అని ఒక ముస్లిం యువకుణ్ణి అడగటమా? ‘తగ్గించావు, సంతోషం’ అని మెచ్చుకోవటమా? మద్యం కొంచెమైనా, ఎక్కువైనా హరామే కదా! సగం హరామ్‌ను నేను ఎలా అభినందించగలను? ఈ సందేహంతో మా మస్జిద్ ఇమామ్ గారి వద్దకు వెళ్లాను. వయసులో నాకంటే చిన్నవారు. ఇషా నమాజు తరువాత చాప మీద కూర్చోబెట్టి, చాలాసేపు మాట్లాడారు.

“మద్య నిషేధం ఒక్కరోజులో దిగలేదు. మొదట అల్‌బఖరా సూరాలో, మద్యంలో ఉన్న లాభం కంటే దాని పాపం పెద్దదని అల్లాహ్ తెలియజేశాడు. తరువాత అన్నిసా సూరాలో, మత్తులో ఉండగా నమాజు దరిదాపులకు రావద్దని ఆజ్ఞ వచ్చింది. చివరికి అల్‌మాయిదా సూరాలో సంపూర్ణ నిషేధం వచ్చింది. అప్పుడు హజ్రత్ అనస్ (రజి) అబూ తల్హా (రజి) ఇంట్లో అతిథులకు పానీయం పోస్తున్నారు. వీధిలో చాటింపు వినబడింది. అబూ తల్హా (రజి) వెంటనే దానిని పారబోయమన్నారు. మదీనా వీధుల్లో మద్యం పారింది. ధర్మశాసనం అక్కడితో పూర్తయింది, మనకు మళ్లీ మొదటి మెట్టు అనేది లేదు. హరామ్ హరామే. కాని మాస్టారూ, శాసనం పూర్తి కావటం వేరు, ఒక బలహీనుడు గోతిలో నుంచి పైకి రావటం వేరు. పైకి వచ్చేవాడు ఒక్కొక్క అడుగే వేస్తాడు. వాడు వేసిన అడుగుకు సంతోషించటం గోతిని మెచ్చుకోవటం కాదు” అన్నారు.

ఆ తరువాత ఆయన చెప్పిన సంఘటన నన్ను కదిలించివేసింది. సహీహ్ బుఖారీలో ఉన్నదే, నేను ఎన్నోసార్లు విన్నదే. మద్యం తాగిన నేరానికి ఒక వ్యక్తిని దైవప్రవక్త (సఅసం) సన్నిధికి మళ్లీ మళ్లీ తీసుకువచ్చారు. శిక్ష అమలైంది. అక్కడున్న వారిలో ఒకరు అతణ్ణి శపించారు. దైవప్రవక్త (సఅసం) వారించారు. అతనికి అల్లాహ్ మీద, ఆయన ప్రవక్త మీద ప్రేమ ఉన్నదని సాక్ష్యం పలికారు. ఇటువంటిదే మరొక సందర్భంలో, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడవద్దని హెచ్చరించారు. నేను కుటుంబ గ్రూపులో చేసింది సరిగ్గా అదే. ముప్పై మంది ఎదుట ఒక పిల్లవాణ్ణి నిలబెట్టి, వాడికి షైతాను తప్ప మరో తోడు లేకుండా చేశాను.

2025 జనవరిలో, పండుగ సెలవులు ముగిసిన తరువాతి గురువారం, ఇషా నమాజు చదివి వచ్చి ఫోను తీశాను. ఆరుసార్లు రాసి ఆరుసార్లు చెరిపాను. చివరకు మూడు వాక్యాలు మిగిలాయి. ‘అస్సలాము అలైకుమ్, బేటా. ఆసుపత్రిలో, గ్రూపులో నేను చేసింది తప్పు, నన్ను క్షమించు. భుజం ఎలా ఉంది?’ మద్యం ఊసు ఎత్తలేదు. చదివినట్లు నీలం గుర్తులు కనిపించాయి, జవాబు రాలేదు. తరువాతి గురువారం మళ్లీ రాశాను. ఆ పై వారం కూడా. మా ఊళ్లో నర్సరీలో పనిచేసే ఏ ఆడపడుచును అడిగినా చెబుతుంది, వారానికొకసారి కడివెడు నీళ్లు గుమ్మరిస్తే అంటు బతకదు, రోజూ దోసెడు పోయాలి. ఆచరణ కొద్దిదైనా నిలకడగా చేసేదే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనదని మన ప్రవక్త (సఅసం) నేర్పారు కదా! నాలుగో గురువారం జవాబు వచ్చింది. ‘భుజం బాగుంది మామూ.’ అంతే. ఆ రెండు మాటలను చెల్లెలికి చూపించాను. ఆమె ఫోను తెరను కొంగుతో తుడిచి మళ్లీ చదువుకొన్నది.

ఫిబ్రవరిలో ధైర్యం చేసి అడిగాను. ‘ఈ శనివారం గదిలో ఏం జరగబోతున్నది?’ చాలాసేపు ఏదో టైపు చేస్తున్నట్లు కనిపించి, చివరకు వచ్చింది: ‘ఒకడి పుట్టినరోజు. నేను డబ్బులు వేయాలి. వేశాక తాగకపోతే నవ్వుతారు.’ ఆ ఆదివారం సాయంత్రం అడిగితే, ‘తాగాను మామూ. కాని ఎప్పటికంటే తక్కువే’ అన్నాడు. ఆ ‘తక్కువ’ అన్న మాట దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. ఇమామ్ గారి మాట గుర్తుకు వచ్చింది. ‘నిజం చెప్పావు, అల్లాహ్ నీకు మేలు చేయుగాక. ఇది హరామని నీకూ తెలుసు, నాకూ తెలుసు. పూర్తిగా వదిలే రోజు కోసం ఇద్దరం కలిసి ప్రయత్నిద్దాం. ఎక్కడ ఆపగలిగావు, ఎలా ఆపగలిగావు?’ అని రాశాను. అప్పుడు మొదలుపెట్టి చెప్పాడు. మొదటి సంవత్సరంలో ఒక్కడినే ఉండలేక ఎలా మొదలైందో, అందరూ తాగుతారనే అనుకొన్నాడు గాని నిజానికి వారి అంతస్తులో తాగనివారే ఎక్కువమంది ఉన్నారని ఎలా గమనించాడో రాశాడు. వైద్యులకు చెబితే నవ్వారు. అందరూ తమకంటే ఎక్కువ తాగుతున్నారని విద్యార్థులు భ్రమపడటం ప్రపంచమంతటా ఉన్నదేనట. ఆ భ్రమ తొలగించటం ఇటువంటి సందేశాల పనులలో ఒకటట.

ఆ పది ప్రశ్నలూ పంపాను. నిజాయితీగా జవాబులు రాశాడు. 11 వచ్చింది. శనివారం మధ్యాహ్నమే బయలుదేరి ఇంటికి వచ్చేయాలని ఒక ఉపాయం వాడే సూచించాడు. ఆదివారం తెల్లవారక ముందే ఫజ్ర్ చదువుకొని తల్లితో పాటు పూల మార్కెట్‌కు వెళ్లేవాడు. మార్చి రెండో తేదీన రమజాన్ ఉపవాసాలు ప్రారంభమయ్యాయి. నెల పొడుగునా ఒక్క చుక్క ముట్టలేదని చెప్పాడు. ఈద్ నాడు నన్ను కౌగిలించుకొన్నాడు. పని పూర్తయిందనుకొన్నాను.

పూర్తి కాలేదు. ఏప్రిల్‌లో కళాశాల వార్షికోత్సవం జరిగింది. ఆదివారం నేను సందేశం పంపక ముందే వాడి సందేశం వచ్చింది. ‘మామూ, మళ్లీ తాగాను. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.’ కోపం వచ్చింది. రమజాన్ అంతా వృథా అయిందనిపించింది. ఫోను బోర్లించి, వుజూ చేసి, రెండు రకాతులు చదివి వచ్చాను. అప్పుడు తోచింది. డిసెంబరులో ఇదే పిల్లవాడు నాకు కనిపించకుండా పారిపోయాడు, ఏప్రిల్‌లో తనంతట తానే వచ్చి చెబుతున్నాడు. ‘చెప్పావు, అదే చాలు. తౌబా ద్వారం తెరిచే ఉంది. వచ్చే శనివారం సంగతి ఆలోచిద్దాం’ అని రాశాను.

ఇది చదివే తల్లిదండ్రులకు కొన్ని మాటలు చెప్పాలి. ఈ మార్గం అందరికీ సరిపోదు. రోజూ తాగనిదే చేతులు వణికే స్థితికి వచ్చినవారిని ఇంట్లో బలవంతంగా, ఒక్కసారిగా ఆపించకూడదు. మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు, వైద్యుని పర్యవేక్షణలోనే ఆపించాలి. మాదక ద్రవ్యాల నుంచి విముక్తి కోసం 14446, మానసిక ఆరోగ్యం కోసం ‘టెలి మానస్’ 14416 అనే ప్రభుత్వ సహాయ నంబర్లున్నాయి. సందేశం పంపేటప్పుడు ఒక్కరికే పంపండి, గ్రూపులో వద్దు. ఫార్వర్డ్ చేయవద్దు, మీ మాటల్లో రాయండి. బిడ్డ రాసినది మరొకరికి చూపించే ముందు బిడ్డ అనుమతి తీసుకోండి. నేను కూడా మా వాడి అనుమతి తీసుకొన్నాకనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒక పాత జ్ఞాపకం కూడా చెబుతాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు తిరిగారు. వారిని కదిలించినవాటిలో అక్షరాస్యత తరగతుల వాచకంలోని ఒక చిన్న పాఠం ఉన్నది. ఆ ఉద్యమం పెరిగి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఆ రోజులలో నేను తరగతి గదిలో ఉన్నాను. చట్టం వచ్చిందని సంబరపడ్డాను, పోయిందని బాధపడ్డాను. చట్టం అవసరమే. కాని అర్థమయ్యే భాషలో, తమ బతుకు గురించి రాసిన నాలుగు మాటలు మనిషి లోపలికి వెళ్లి చేసే పని వేరు.

మా వాడు ఇప్పుడు చివరి సంవత్సరంలో ఉన్నాడు. ఆ ఏప్రిల్ తరువాత ఇంతవరకు ముట్టలేదు. రేపటి సంగతి అల్లాహ్‌కే తెలుసు. గురువారం సందేశం మాత్రం ఆగలేదు. మొన్న ఒక గురువారం జ్వరంతో తొందరగా పడుకొన్నాను. రాత్రి పదకొండు గంటలకు ఫోను వెలిగింది.

‘మామూ, ఈరోజు మీ సందేశం రాలేదు. ఒంట్లో బాగుందా?’

లేచి కూర్చొని, కళ్లజోడు వెతుక్కొని, జవాబు రాశాను.